సమస్యాపూరణం: కుక్క మొరుగలేదు గుట్టు తెలిసె

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

*కుక్క మొరుగలేదు గుట్టు తెలిసె*

మొరిగితే గుట్టు తెలియాలి గానీ మొరగకపోతే ఎలా తెలుస్తుంది? షెర్లాక్ హోమ్స్ కథలు చదివినవాళ్లకి ఈపాటికే వెలిగి ఉంటుంది. కానన్ డాయిల్ ‘సిల్వర్ బ్లేజ్’, 1892 డిసెంబరు స్ట్రాండ్ పత్రికలో వచ్చింది. పందెం ముందు డార్ట్‌మూర్‌లో గుర్రం మాయమవుతుంది, దానికి శిక్షణ ఇచ్చే స్ట్రేకర్ బయలులో శవమై దొరుకుతాడు. పూరణ ఆ కథ మీదే ఉండాలి.

కాకినాడ మాస్టారు:

అర్ధరాత్రి వచ్చి యశ్వమ్ము గొనిపోవ
దాని నెరుగువాడె దాచె ననుచు
పట్టి పట్టి చూచి పలికె హోమ్సప్పుడు
కుక్క మొరుగలేదు గుట్టు తెలిసె

నిర్వాహకుడు: నడక చక్కగా ఉంది మాస్టారూ. ‘పట్టి పట్టి చూచి’ హోమ్స్‌కి అచ్చంగా సరిపోయింది. నా పేచీ రెండో పాదంతోనే. ‘దాని’ అనగానే మనసు ముందున్న గుర్రం మీదికి పోతుంది, మీరు అనుకున్నది కుక్క. పైగా శాలలోని కుక్కకి తెలిసినవాడు, అది మొరగకుండా గుర్రాన్ని బయటికి తీసుకెళ్లినవాడు స్ట్రేకరే అయినా, అతను గుర్రాన్ని దాచలేదు. సన్నటి కత్తితో దాని కాలి నరం కోసి కుంటిదాన్ని చేయబోయి, అది తన్నితే చచ్చాడు. దాచింది పక్క శాలను చూసుకునే సైలస్ బ్రౌన్.

కాకినాడ మాస్టారు: నిజమేనండీ, తొందరపడ్డాను. రెండో పాదం ‘తెలిసినట్టివాడె తీసె ననుచు’ అని మార్చుకుంటున్నాను.

హనుమకొండ అక్క: కుక్క సంగతి అందరూ చెప్తారు తమ్ముడూ, నాకు మాత్రం ఆ కథలో కూర మర్చిపోబుద్ధి కాదు. కావలి కుర్రాడికి ఆ రాత్రి పెట్టింది మసాలా వేసిన మాంసం కూర. నల్లమందు పొడి చేదు మామూలు వంటలో ఇట్టే తెలిసిపోతుంది, మసాలాలో అయితే నాలుకకి అందదు. వంటచేసే ఆడవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేని మాట ఇది. ఆ పూట ఏం వండాలో నిర్ణయించగలిగింది స్ట్రేకర్, అతని భార్య మాత్రమే. బయటివాడి మీద అనుమానం అక్కడే చెదిరిపోతుంది.

నల్లమందు కలిపి నాటి మాంసపుకూర
కావలరికి పెట్ట కనులు మూసె
మెలకువైన సాక్షి మిగిలె నా డొక్కటే
కుక్క, మొరుగలేదు, గుట్టు తెలిసె

నిర్వాహకుడు: అక్కా, చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. నేనిచ్చిన పాదాన్ని మూడు ముక్కలు చేశారు. ‘మిగిలె నాడొక్కటే’ అని మూడో పాదం చివర ఆపి, నాలుగో పాదం మొదటి మాటతో ఆ సాక్షి ఎవరో చెప్పారు. సమస్యలో ఒక్క అక్షరం కదల్లేదు, విరుపుతోనే అర్థం మారింది. పూరణ అంటే నాకు ఇష్టమైన పని ఇదే.

ఒక్కచోట దిద్దాలి. ‘కనులు మూసె’ అంటే మనవాళ్లకి ముందు తోచేది చావు. ఆ కుర్రాడు తెల్లారేసరికి మత్తులో పడి ఉన్నాడు, అంతే. ‘కావలరికి పెట్ట కమ్మె నిదుర’ అంటే యతి అలాగే నిలుస్తుంది.

హనుమకొండ అక్క: ‘కమ్మె నిదుర’ ఎంత బాగుందో. అదే ఉంచండి.

డల్లాస్ తమ్ముడు: నేను ముందు తెర మీద చూసి తర్వాత చదివినవాణ్ణి. జెరెమీ బ్రెట్ హోమ్స్‌గా నటించిన టీవీ భాగం, 1988 నాటిది. తెర మీద అందరూ గుర్తుపట్టే ఆ చెవులు కప్పే ప్రయాణపు టోపీ ప్రస్తావన కూడా ఈ కథలోనే, రైలు పెట్టెలో వస్తుంది. దాన్ని పత్రికలో బొమ్మగా గీసింది సిడ్నీ పాజెట్. టోపీని చూపించడం తేలిక. మొరగకపోవడాన్ని ఏ కెమెరా చూపిస్తుంది? అక్కడ నటుడి మాటే దిక్కు.

ఉన్న దెల్ల చూచి యూరకుందురు జనుల్
లేనిదాని నతడు లెక్క గట్టు
వాట్స నడుగ హోమ్సు పల్కె నీ మాటనే
కుక్క మొరుగలేదు గుట్టు తెలిసె

కాకినాడ మాస్టారు: మొదటి రెండు పాదాలు కంఠస్థం చేసుకోదగ్గవి నాయనా. మూడో పాదంలో వా–ప యతి చెల్లుతుందా?

నిర్వాహకుడు: చెల్లుతుంది మాస్టారూ, ప ఫ బ భ లతో వకారానికి మైత్రి ఉంది. తప్పు యతిలో లేదు, కథలో ఉంది. కుక్క గురించి ఆ సంభాషణ జరిగింది వాట్సన్‌తో కాదు, ఇన్‌స్పెక్టర్ గ్రెగరీతో. ‘గ్రెగరి కపుడు హోమ్సు కీలకమ్మని పల్కె’ అని చూడు తమ్ముడూ.

హనుమకొండ అక్క: నాదీ ఒక మాట. హోమ్స్ లేనిదాన్నే లెక్కగట్టడు కదా. అదే రైల్లో కిటికీలోంచి చూస్తూ, టెలిగ్రాఫ్ స్తంభాల మధ్య దూరం 60 గజాలు కాబట్టి బండి వేగం గంటకు 53న్నర మైళ్లు అంటాడు. ఉన్నదాన్ని అంత నిక్కచ్చిగా లెక్కపెట్టేవాడు కాబట్టే లేనిది కంటపడింది. ‘నతడు’ తీసి ‘నైన’ పెట్టు.

డల్లాస్ తమ్ముడు: అక్కా, ఒక్క మాటతో పద్యం నిలబెట్టారు. ‘లెక్క గట్టు’ ఇప్పుడు నేరుగా హోమ్స్‌కే విశేషణం అవుతోంది. సవరించింది ఇదిగో.

ఉన్న దెల్ల చూచి యూరకుందురు జనుల్
లేనిదాని నైన లెక్క గట్టు
గ్రెగరి కపుడు హోమ్సు కీలకమ్మని పల్కె
కుక్క మొరుగలేదు గుట్టు తెలిసె