ఫెరెట్లకి డ్రై ఫుడ్ మానిపించి పచ్చి చికెన్ అలవాటు చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

కోట_వీధి

నమస్కారం అండీ. మాది విజయనగరం. మా తమ్ముడు బెంగళూరులో ఉండగా సరదాపడి రెండు ఫెరెట్లను (ముంగిసలా పొడుగ్గా ఉండే, మాంసం తినే చిన్న పెంపుడు జంతువులు) కొన్నాడు, ఇప్పుడు కంపెనీ వాళ్ళు విదేశం పంపిస్తే వాడు విమానం ఎక్కేశాడు, ఇవి మా నెత్తిన పడ్డాయి. నెత్తిన అన్నానే గానీ ఆర్నెల్లయ్యేసరికి అవి కనబడకపోతే నాకే తోచడం లేదు. మగది జీడి, ఆడది పప్పు. వీధిలో వాళ్ళు మాత్రం "మీ ముంగిసలు బాగున్నాయా" అనే అడుగుతారు.

రెండింటికీ మూడున్నరేళ్ళు. జీడి 1300 గ్రాములు, పప్పు 700. చిన్నప్పటినుంచీ పిల్లికూనలకి పెట్టే డ్రై ఫుడ్డే తింటున్నాయి. అది ఇక్కడ షాపుల్లో దొరకదు, ఆన్‌లైన్లో తెప్పించాలి, పోయిన నెల పార్సిల్ తొమ్మిది రోజులు లేటయింది, చివరి రెండ్రోజులు గింజలు లెక్కపెట్టి పెట్టాను. అప్పుడే అనుకున్నా, వీధి చివర చికెన్ కొట్టు పెట్టుకుని ఈ తిప్పలెందుకని. పచ్చి మాంసమే వీటి అసలు తిండని కూడా చదివాను.

మొన్న ఆదివారం బోన్‌లెస్ ముక్కలు కోసి గిన్నెలో వేశాను. జీడి వాసన చూసి మూతి తిప్పుకుని పోయాడు. పప్పు ఒక ముక్క నోట కరుచుకుని గబగబా పోయింది, తినేసిందనుకుని సంబరపడ్డాను. బుధవారం పొద్దున్న మా అమ్మ సోఫా వెనక వాసనొస్తోందని జరిపి చూస్తే అక్కడుంది ఆ ముక్క, చీమలతో సహా. ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయలేను.

నా సందేహం ఏమిటంటే బోన్‌లెస్ చాలా, ఎముకతోనే పెట్టాలా, ఉడికించాలా? డ్రై ఫుడ్ పూర్తిగా తీసేస్తే ఆకలికి అదే దారికొస్తుందా? ఇంకో చిక్కు, కార్తీకమాసం నెల్లాళ్ళూ మా ఇంట్లో నీచు ముట్టరు, ఫ్రిజ్‌లో పెట్టనివ్వరు. ఈలోపే ఏదో ఒకటి తేల్చుకోవాలి.

జీడి ఈమధ్య కాస్త బద్ధకంగా కూడా ఉన్నాడు. నిద్ర లేవగానే ఒకటి రెండుసార్లు ఎటో చూస్తూ అలా నిలబడిపోయాడు, వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచాడు, నాలుగు గింజలు తిన్నాక మామూలయ్యాడు. ఈ ఉక్కకేమో.

నాగావళి_గట్టు

మాది శ్రీకాకుళం, మా ఇంట్లో నాలుగు పిల్లులు. కవళ్ళు దొరికిన రోజున చేపలు, లేనిరోజున పెరుగన్నం, ఒక్కటీ చావలేదు. ఇంత ఆలోచన దేనికి బ్రదర్, ఒక రోజు పస్తు పెట్టండి, మర్నాడు ఏది వేసినా తింటాయి. మా ఇంట్లో పిల్లలకీ ఇదే మందు.

బొబ్బిలి_ఆడపడుచు

కోట వీధి అన్నా, ముందు ఆ పస్తు మాట వదిలేయండి. నాగావళి గారూ, తప్పుగా అనుకోకండి, పిల్లికే ఆ వైద్యం మంచిది కాదు, ఫెరెట్‌కి అయితే మరీ ప్రమాదం.

నేను టెక్సస్‌లో ఉంటాను, ఆరేళ్ళుగా ఫెరెట్లను పెంచుతున్నాను (కాలిఫోర్నియాలో ఇవి నిషేధం, బదిలీ అవుతుందన్నప్పుడల్లా నాకు అదే టెన్షన్). వీటి పేగు బాగా పొట్టి. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది. అందుకే రోజుకి ఎనిమిది పదిసార్లు కొంచెం కొంచెం తింటాయి. మీరు రోజంతా ఏమీ పెట్టకపోతే దారికి రావు, రక్తంలో చక్కెర తగ్గిపోయి పడిపోతాయి. పైగా ఏది తిండి, ఏది కాదు అన్నది వీటికి చిన్నప్పుడే వాసన బట్టి మనసులో నాటుకుపోతుంది. మూడేళ్ళు గింజలు తిన్నదానికి పచ్చి చికెన్ ముక్క తిండిలాగే కనబడదు. జీడి మూతి తిప్పుకున్నది పొగరుతో కాదు. పప్పు దాచుకోవడం మాత్రం వీటి జాతి లక్షణం, నా చెప్పుల్లో నాకు కోడి గుండెకాయలు దొరికాయి.

నేను చేసిన పద్ధతి చెప్తాను. వాళ్ళకి అలవాటైన గింజలనే గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి మెత్తగా చేసి, అందులో మిక్సీ పట్టిన చికెన్ ఒక చెంచాడు కలిపాను. ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు వాసన కూడా తగలకూడదు. గిన్నెలో పెడితే చూడవు. వేలికి రాసుకుని పెదవికి అంటిస్తే నాక్కుంటాయి, నాకాక ఆలోచిస్తాయి. మొదటి వారం అంతా ఇదే పని. పొడి గింజల గిన్నె మాత్రం పక్కనే ఉంచాలి. తర్వాత వారాల్లో మాంసం పెంచుకుంటూ, గింజలు తగ్గించుకుంటూ పోవడమే. మా పెద్దదానికి రెండు నెలలు పట్టింది, చిన్నది పదిరోజుల్లో మారిపోయింది.

బోన్‌లెస్ గురించి అడిగారు కదా, ఆ తప్పు నేనూ చేశాను. రెండు నెలలపాటు ఉత్త బ్రెస్ట్ ముక్కలే పెడితే మా డాక్టరమ్మ తిట్టింది. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం దాదాపు లేదు, అది ఎముక నుంచే రావాలి. ఇక్కడ పచ్చి తిండి పెట్టేవాళ్ళు వేసుకునే లెక్క ఏమిటంటే, పది పాళ్ళలో ఎనిమిది మాంసం, ఒకటి ఎముక, మిగిలిన ఒకటిలో సగం లివరు, సగం కిడ్నీ లాంటిది. లివరు తింటున్నాయి కదా అని పెంచకండి, విటమిన్ ఎ ఎక్కువైపోతుంది. గుండెకాయలు, కందనకాయలు మాంసం కిందే లెక్క, గుండెకాయలో టారిన్ అనే పోషకం బాగా ఉంటుంది, అది వీటికి తప్పనిసరి. ఎముక పచ్చిదే పెట్టాలి, ఉడికిన ఎముక పుల్లల్లా విరిగి పేగులో గుచ్చుకుంటుంది. మీ దగ్గర కౌజు పిట్టలు దొరికితే ఇంకా మంచిది, ఎముక మెత్తగా ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. మీరు చివర్లో ఉక్కకేమో అని రాసి వదిలేశారు చూడండి, అది చదివి నాకు గుండె గుభేల్‌మంది. 30 డిగ్రీలు దాటితే ఫెరెట్లకి కష్టమే, నిజమే. కానీ ఉక్కకి వాలిపోయిన జంతువు నాలుగు గింజలు తినగానే మామూలవదు కదా అన్నా. నిద్ర లేవగానే శూన్యంలోకి చూడటం, వెనక కాళ్ళు ఈడ్చడం, తినగానే తేరుకోవడం, ఇవి చక్కెర పడిపోయే లక్షణాలు. మూడేళ్ళు దాటిన ఫెరెట్లలో క్లోమంలో చిన్న గడ్డలు వచ్చి ఇన్సులిన్‌ను అతిగా వదులుతాయి, ఇన్సులినోమా అంటారు. వీటిలో బాగా కనబడే జబ్బు. మా పెద్దది దాంతోనే పోయింది. చికెన్ సంగతి తర్వాత, ముందు రక్తపరీక్ష చేయించండి.

చీపురుపల్లి_తాత

బాబూ, నేను పశువుల ఆస్పత్రిలో కాంపౌండర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. ఫెరెట్‌ను చూసింది ఒక్కసారే, కుక్కలు, గేదెలే నా లోకం. అయినా పై అమ్మాయి చెప్పిన మాట నూటికి నూరు పాళ్ళూ నిజం. మీకు గరివిడి దగ్గరే, అక్కడ వెటర్నరీ కాలేజీ ఉంది, తీసుకెళ్ళండి. వెళ్ళేముందు మూడు నాలుగు గంటలు తిండి ఆపమంటారు, అంతకంటే ఎక్కువ ఆపొద్దు, అదీ కళ్ళముందు పెట్టుకునే ఆపాలి. చక్కెర 70 కంటే తక్కువుంటే అనుమానించాలి, 60 కంటే తక్కువైతే దాదాపు ఖాయం అనుకోవచ్చు. ఇంట్లో మనుషుల షుగర్ మిషన్ ఉంటే అది వీటికి ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్ముకోకుండా ల్యాబులో చేయించాలి.

ఈలోపు మళ్ళీ అలా నిలబడిపోతే దూదిపుల్లతో కాస్త తేనె చిగుళ్ళకి రాయండి, ఫిట్స్ వచ్చి కొట్టుకుంటుంటే నోట్లో వేలు పెట్టొద్దు. తేరుకున్న వెంటనే తిండి పెట్టాలి. తేనె బాగా పనిచేస్తోందని రోజూ నాకించకండి, తీపి తగిలితే ఆ గడ్డ ఇంకా ఇన్సులిన్ వదిలి మళ్ళీ కిందకి లాగేస్తుంది. అన్నం కూడా ఒంట్లో చక్కెరగానే మారుతుంది, అందుకే పెరుగన్నం కూడా వద్దు.

పచ్చి మాంసం విషయంలో నాకు అంత సరదా లేదు. మన చికెన్ కొట్టు సంగతి మనకి తెలుసు కదా, అదే మొద్దు, అదే కత్తి, అదే డ్రమ్ము. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఎక్కడికీ పోదు. ఇంకో ముఖ్యమైన సంగతి, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్ళను పూడ్చిపెట్టారు, గుర్తుందా. ఫెరెట్‌కి ఫ్లూ అంటే అంటుకోవడమే ఆలస్యం. 1933లో లండన్లో మనుషుల ఫ్లూ వైరస్‌ను మొదట పట్టుకున్నదే వీటి ముక్కుల్లోకి ఎక్కించి. ఫ్రీజర్లో పెడితే ఆ వైరస్ చావదు, ఉడికిస్తేనే చస్తుంది. మీకు జలుబు చేసినా మూతికి గుడ్డ కట్టుకునే వాటి దగ్గరకి వెళ్ళండి.

నన్నడిగితే ఎముక తీసేసి చికెన్ ఉడికించి, ఆ నీళ్ళు పారబోయకుండా అందులోనే కలిపి పెట్టండి, టారిన్ ఆ నీళ్ళలోకే దిగుతుంది. అరకిలో మాంసానికి అర టీస్పూను గుడ్డుపెంకు పొడి మెత్తగా చేసి కలిపితే కాల్షియం సరిపోతుంది. ఇదొక్కటే నెలల తరబడి పెడితే చాలదు, సగం డ్రై ఫుడ్ ఉంచుకోండి. మలం తారులా నల్లగా ఉంటే లోపల రక్తం పోతోందని అర్థం, ఆ పూటే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి.

ఇంకోటి. ముంగిసను ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. మీవి ముంగిసలు కావు, సరే, కానీ వీధంతా అలా అంటోందంటున్నారు. మీ తమ్ముడు కొన్న బిల్లు ఉంటే జాగ్రత్త చేయండి.

నాగావళి_గట్టు

పస్తు మాట వెనక్కి తీసుకుంటున్నాను. పెరుగన్నం మాటా. ఏటి జంతువులండీ బాబూ ఇవి, పసిపిల్లలకంటే ఎక్కువ.

కోట_వీధి

పన్నెండు రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. మీరు చెప్పిన మర్నాడే జీడిని తీసుకెళ్ళాం. నాలుగు గంటలు తిండి ఆపి పరీక్ష చేస్తే 58 వచ్చింది. స్టెరాయిడ్ మందు మొదలుపెట్టారు, పొద్దున్న, సాయంత్రం. డోసు ఇక్కడ రాయను, ఎవరైనా చూసి వేసేస్తారని భయం. గిన్నె ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదన్నారు, రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచి తినిపిస్తున్నాను. పిల్లలున్న ఫ్రెండ్సు నన్ను చూసి నవ్వుతున్నారు.

పచ్చిది ఇప్పట్లో వద్దనుకున్నాం. తాతగారు చెప్పినట్టు ఉడికించిన చికెన్‌ని నానబెట్టిన గింజలతో మిక్సీ పడుతున్నాను. జీడి మొదటి మూడ్రోజులు నాక్కుని ముఖం తుడుచుకునేవాడు, సోఫా కవరుకి. నాలుగోరోజు వేలు కొరికి మరీ నాకాడు. అదే తిండనుకున్నాడన్నమాట. పప్పుకి మాత్రం నేరుగా చెంచాతో పెట్టినా అభ్యంతరం లేదు.

కార్తీకం సంగతి అమ్మతో మాట్లాడాను. మొదట ససేమిరా అంది. జీడి జబ్బు సంగతి చెప్పాక కాసేపు ఊరుకుని, మేడ మీద అద్దెకున్నవాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టుకో, మిక్సీ కూడా పైనే, నా వంటింట్లోకి తేవద్దు అంది. పాత మిక్సీ బాగు చేయించాను. బొబ్బిలి అక్కా, అమ్మ మిమ్మల్ని అడిగింది, మీ పెద్దది ఎన్నాళ్ళు బతికిందని. నాకు అడగాలంటే నోరు రాలేదు, ఆవిడ అడగమంది.

బొబ్బిలి_ఆడపడుచు

జబ్బు తెలిసిన తర్వాత ఏడాదిన్నర అన్నా. చివరి రెండు వారాలు తప్పిస్తే బాగానే తిరిగింది, చెప్పులు దాచింది, గొడవ చేసింది. జీడి బరువు వారానికోసారి చూసి రాసి పెట్టుకోండి, వంటింటి త్రాసు చాలు. అదీ మేడ మీదే.