స్పోర్ట్స్ కారుకు పీపీఎఫ్ (పెయింటును కాపాడే ఫిల్మ్) వేయిస్తే అమ్మేటప్పుడు ఆ డబ్బు తిరిగి వస్తుందా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
సభ్యులకు నమస్కారం. నా దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్న 2020 మోడల్ బీఎండబ్ల్యూ జెడ్4 ఉంది. ఉద్యోగరీత్యా శ్రీకాకుళం, విశాఖపట్నం మధ్య 16వ నంబరు జాతీయ రహదారి మీద తరచుగా తిరుగుతుంటాను. టెక్కలి వైపు నుంచి గ్రానైట్ దిమ్మెలతో వచ్చే లారీల వెనక పడినప్పుడల్లా రాళ్లు ఎగిరి తగులుతున్నాయి. బానెట్ అంచున ఆవగింజంత మచ్చలు అప్పుడే కనిపిస్తున్నాయి. మూడు నాలుగేళ్లలో కారు అమ్మే ఆలోచన ఉంది. కారంతటికీ పీపీఎఫ్ వేయించమని ఒక షాపువారు, సిరామిక్ కోటింగ్ చాలని మరొకరు అంటున్నారు. దేనివల్ల అమ్మకం ధర నిలుస్తుందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

గంటస్తంభం (విజయనగరం):
ఆ రెండూ ఒకే పని చేయవండి. సిరామిక్ కోటింగ్ అంటే పెయింటు మీద పూసే చాలా పలుచని పూత. నీరు, దుమ్ము జారిపోవడానికి, కడగడం తేలిక కావడానికి పనికొస్తుంది తప్ప రాయి దెబ్బను ఆపలేదు. పీపీఎఫ్ పాలియురేథేన్ పొర. సాధారణంగా 150 నుంచి 200 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉంటుంది కాబట్టి దెబ్బను తానే తీసుకుంటుంది.

ఇక ధర సంగతి. ఫిల్మ్ ఖర్చును ధరలో కలిపి ఇచ్చే కొనుగోలుదారు నాకు ఇంతవరకు తారసపడలేదు. అతను డబ్బు పెట్టేది కంపెనీ పెయింటు మీద. ఫ్యాక్టరీలో ఖాళీ బాడీకి రంగు వేసి సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. ప్లాస్టిక్కు, వైర్లు, సీట్లు బిగించిన కారుకు తర్వాత మళ్లీ రంగు వేస్తే షెడ్డులో 60 డిగ్రీల ప్రాంతంలోనే వేడి ఇవ్వగలరు, అందుకే ఆ రంగును కంపెనీ పెయింటుతో సమానంగా చూడరు. ఇలాంటి కార్లు కొనేవారిలో చాలామంది పెయింటు మందం కొలిచే మీటరు వెంట తెచ్చుకుంటారు. కంపెనీ పెయింటు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య చూపిస్తుంది. ఒక్క తలుపు దగ్గరే 300 చూపితే, అది చిన్న గీత కోసం వేసిన రంగో, పెద్ద యాక్సిడెంటో అతనికి తెలియదు గనుక పెద్దదే అనుకుని బేరమాడతాడు. ఫిల్మ్ ఉన్నచోట దాని మందమూ కలిసి కనిపిస్తుంది కాబట్టి, వేయించే ముందే ప్రతి భాగం కొలతనూ వీడియో తీసి బిల్లుతో పాటు దాచండి. నన్నడిగితే కారంతా అక్కర్లేదు. ముందు బంపరు, బానెట్, ఫెండర్లు, సైడ్ మిర్రర్లు, వెనక చక్రాల ముందుభాగం చాలు.

పైడిభీమవరం రోడ్డు:
పై సభ్యులు చెప్పినదానికి ఒక్క మాట చేర్చాలి. మీది చేయి మారిన కారు కనుక బానెట్‌కు ఇంతకుముందే మళ్లీ రంగు వేశారేమో చూసుకోండి; ఆ రంగుకు పట్టు తక్కువైతే ఫిల్మ్ తీసే రోజున దానితో పాటే ఊడి వస్తుంది. కారు మీదనే బ్లేడుతో ఫిల్మ్ అంచులు కోసే షాపు జోలికి పోవద్దు, ఆ కోత పెయింటులోకి దిగితే పాలిష్‌తో పోదు. ముచ్చటపడి రంగు ఫిల్మ్ వేయించారంటే, ఆర్సీలో ఉన్న రంగు వేరు, కంటికి కనిపించే రంగు వేరు అవుతుంది, అమ్మేటప్పుడు అదొక చిక్కు.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
ఇద్దరికీ ధన్యవాదాలు. ఉన్న మచ్చల మాటేమిటి? గుడ్డ పైకప్పుకు కూడా ఫిల్మ్ వేస్తామంటున్నారు, నమ్మవచ్చా?

గంటస్తంభం (విజయనగరం):
గుడ్డకు ఆ ఫిల్మ్ పనికిరాదండి, అలా అన్న షాపును వదిలేయండి. పైకప్పుకు నీరు పీల్చకుండా చేసే స్ప్రే వేరే దొరుకుతుంది. మచ్చలకు కారు కలర్ కోడ్ ప్రకారం టచప్ రంగు పెట్టించి, అది పూర్తిగా ఆరాకే పైన ఫిల్మ్ వేయించండి. బానెట్ మొత్తానికి రంగు వేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి.