నిద్రలో మాత్రమే ఫిట్స్: మూర్ఛేనా, ఎలా తేల్చుకోవాలి?

22 ఏళ్ల అబ్బాయి. పగలు ఒక్కసారి కూడా రాదు. పడుకున్న గంటన్నరకో, తెల్లవారుజామునో దిగ్గున లేచి కూర్చుంటాడు. ఎడమ చెయ్యి కొయ్యలా బిగుస్తుంది, కాళ్లు సైకిల్ తొక్కినట్టు ఆడతాయి. 30 సెకన్లలో ఆగిపోతుంది, కానీ ఒక్కో రాత్రి నాలుగైదుసార్లు. ఫోన్ వీడియోలన్నీ అచ్చు ఒకేలా ఉన్నాయి. పీడకలలు, నిద్రలో నడక అయితే ఇలా ప్రతిసారీ ఒకే తీరుగా ఉండవు.

పగలు తీసిన అరగంట ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల రికార్డింగ్) నార్మల్. మెదడు ముందు భాగమైన ఫ్రాంటల్ లోబ్ లోతుల్లో పుట్టే ఫిట్ తలపై పెట్టే ఎలక్ట్రోడ్లకు అందకపోవచ్చు, కాబట్టి ఈ ఈఈజీని పట్టుకుని మూర్ఛ కాదనలేం. 1.5 టెస్లా (స్కానర్ అయస్కాంత బలం) ఎంఆర్ఐ కూడా నార్మలే. మూర్ఛ మందు లెవెటిరాసెటామ్ రోజుకు రెండుసార్లు 500 నుంచి 1000 మి.గ్రా.కు పెంచినా తగ్గలేదు. చిరాకు మాత్రం పెరిగింది, ఆ మందుకు ఆ గుణం ఉంది.

వీడియో ఈఈజీ (కెమెరాతో చిత్రీకరిస్తూ తీసే ఈఈజీ) ఒక్క రాత్రి సరిపోతుందా, మూడు నాలుగు రోజులు అడ్మిట్ కావాలా? మందు ఇంట్లో మానకూడదని తెలుసు. అక్కడ తగ్గించి రికార్డ్ చేస్తారా? 3 టెస్లాలో మూర్ఛ ప్రోటోకాల్‌తో (మూర్ఛ కారణాన్ని వెతికే పద్ధతిలో) ఎంఆర్ఐ మళ్లీ తీస్తే చిన్న కార్టికల్ డిస్‌ప్లేసియా (మెదడు పైపొర ఏర్పడటంలో లోపం) కనిపించినవాళ్లు ఉన్నారా? తెల్లవారుజామున షుగర్ పడిపోయినా ఫిట్స్ వస్తాయి కదా, ఆ క్షణంలోనే గ్లూకోమీటర్‌తో చూసినవాళ్లున్నారా? హైదరాబాద్ నిమ్స్, తిరువనంతపురం శ్రీచిత్ర, ఈ రెండు ఆసుపత్రుల్లో వెయిటింగ్ ఎక్కడ తక్కువ?