మైనస్ 27 చలికి హీట్ పంప్: మూడు టన్నులా, ఐదు టన్నులా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఇల్లంతా వేడి చేసే మా గ్యాస్ ఫర్నేస్‌కి పద్దెనిమిదేళ్లు నిండాయి. వచ్చే చలికాలం లోపు హీట్ పంప్ (బయటి గాలిలోంచి వేడి లాగి ఇంట్లోకి పంపే కరెంటు యంత్రం) పెట్టిద్దామని ఇద్దరు కాంట్రాక్టర్లను పిలిచాను. మొదటాయన ఇల్లు ఎన్ని చదరపు అడుగులో అడిగి, గుమ్మంలో నిలబడే ‘ఐదు టన్నులు’ అన్నారు (టన్ను అంటే ఇక్కడ బరువు కాదు, యంత్రం ఇచ్చే వేడికి కొలత). రెండో ఆయన గంటన్నర ఉండి, కిటికీలు కొలిచి, అటక ఎక్కి చూసి ‘మూడు చాలు’ అన్నారు. ఒకే ఇంటికి ఇంత తేడా ఏమిటో అర్థం కాక టెన్షన్‌గా ఉంది.

ఇక్కడ జనవరిలో రాత్రిపూట మైనస్ 27 దాకా పడిపోతుంది. అమ్మ మా దగ్గరే ఉంటుంది. 74 ఏళ్లు, కీళ్లవాతం. గది 20 డిగ్రీల కన్నా చల్లబడితే పొద్దున మంచం మీంచి లేవడానికి చాలా కష్టపడుతుంది. ‘ఎందుకొచ్చిన గొడవ, పెద్దదే పెట్టించండి’ అంటోంది మా ఆవిడ.

ఒక పని మాత్రం చేసి పెట్టాను. ఫర్నేస్ రోజుకి ఎన్ని గంటలు మండిందో మా థర్మోస్టాట్‌లో నమోదవుతుంది. పోయిన చలికాలంలో అన్నిటికన్నా చల్లటి రోజున, బయట సగటు మైనస్ 22, లోపల 21 ఉన్నప్పుడు, అది మొత్తం 11 గంటలు మండింది. ప్లేట్ మీద అవుట్‌పుట్ 20 కిలోవాట్లు అని ఉంది. దీన్నిబట్టి ఏమైనా తేలుతుందా? బయటి యూనిట్‌కి ఇంటి వెనక చూరు కింద చోటుంది. అక్కడ పెట్టించొచ్చా?

జవాబు

చాలా తేలుతుందండి. మీ ఫర్నేస్ ఒకే స్థాయిలో మండే రకమైతే లెక్క సూటిగా వస్తుంది. తక్కువ మంట, ఎక్కువ మంట అని రెండు స్టేజీలదైతే మాత్రం ఈ 11 గంటల్ని నమ్మకండి.

20 కిలోవాట్లు, 11 గంటలు. అంటే ఆ రోజు ఇంటికి అందిన వేడి 220 యూనిట్లు. దాన్ని 24 గంటలకి పంచితే సగటున 9.2 కిలోవాట్లు. లోపలికీ బయటికీ తేడా 43 డిగ్రీలు కాబట్టి, ఒక్కో డిగ్రీకి మీ ఇల్లు సుమారు 213 వాట్లు పోగొట్టుకుంటోంది. మైనస్ 27కి తేడా 48 డిగ్రీలవుతుంది, అప్పుడు కావలసింది 10.2 కిలోవాట్లు. ఒక టన్ను అంటే మూడున్నర కిలోవాట్లు, మూడు టన్నులంటే పదిన్నర. మీ రెండో కాంట్రాక్టర్ కష్టపడి కొలిచింది వృథా పోలేదు.

అయినా ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. డబ్బా మీద రాసే ‘మూడు టన్నులు’ బయట సున్నాకి పైన 8 డిగ్రీలు ఉన్నప్పటి మాట. చలి పెరిగేకొద్దీ యంత్రం ఇచ్చే వేడి తగ్గుతుంది. మామూలు మోడల్ మైనస్ 25కి సగం కూడా ఇవ్వకపోవచ్చు, అసలు ఆగిపోవచ్చు కూడా. చలి దేశాల కోసం చేసినవి చాలావరకు నిలబెట్టుకుంటాయి. కాబట్టి టన్నులు అడగకండి. ‘మైనస్ 25 దగ్గర గరిష్ఠంగా ఎన్ని కిలోవాట్లు ఇస్తుంది?’ అని అడిగి, తయారీదారు పట్టిక చేతికి తీసుకోండి.

పెద్దది ఎందుకు వద్దంటే, చలికాలమంతా మైనస్ 27 ఉండదు. బయట 5 డిగ్రీలున్న రోజు మీ ఇంటికి మూడున్నర కిలోవాట్లు సరిపోతాయి. ఐదు టన్నుల కంప్రెసర్ అంత నెమ్మదిగా తిరగలేకపోతే రోజంతా ఆగుతూ మొదలవుతూ ఉంటుంది. దానికి నిమిషానికి దాదాపు 2,000 ఘనపుటడుగుల గాలి కావాలి. గదులకి గాలి తీసుకెళ్లే ఇప్పుడున్న డక్టులు అంత మోయకపోతే హోరుమనే శబ్దం, చాలని వేడి, రెండూ మిగులుతాయి.

ఇంకో జవాబు

చూరు కింద పెట్టించకండి! నేను సరిగ్గా అక్కడే పెట్టించాను. పగలు కప్పు మీది మంచు కరిగి యూనిట్ మీద పడేది, రాత్రికి గడ్డకట్టేది. ఫిబ్రవరిలో ఒకరోజు ఫ్యాన్ రెక్క మంచుగడ్డకి తగిలి విరిగింది. మంచి చలిలో ఐదు రోజులు పిల్లలతో ఒకే గదిలో చిన్న హీటర్ పెట్టుకుని గడిపాం.

బయటి యూనిట్‌లో వేడి లాగే గొట్టాల చుట్టకి (కాయిల్‌కి) మంచు పట్టడం సహజమే. సున్నాకి అటూ ఇటూ, తేమ ఎక్కువున్నప్పుడు బాగా పడుతుంది. యంత్రం కొన్ని నిమిషాలు ఉల్టాగా పనిచేసి, ఇంట్లోంచి వేడి తీసుకుని దాన్ని కరిగిస్తుంది. ఆ నీళ్లు కిందికి కారతాయి కాబట్టి నడిచే దారి పక్కన కూడా వద్దు. స్టాండు ఎత్తు, మీ దగ్గర మామూలుగా పేరుకునే మంచు కన్నా ఒక అడుగు పైకి ఉండాలి. యూనిట్ కింద ఉండే పళ్లేనికి హీటర్ ఉన్న మోడల్ చూడండి.

మీ అమ్మగారి సంగతి చదివాక ఇంకొకటి చెప్పాలనిపించింది. ఫర్నేస్ గాలి 50 డిగ్రీలు దాటి వస్తుంది, హీట్ పంప్ గాలి 35 దగ్గర. మా నాన్నగారు మొదటి వారం గదిలోకి గాలి వచ్చే గ్రిల్ దగ్గర చెయ్యి పెట్టి ‘చల్లగాలి కొడుతోంది’ అని బాధపడ్డారు. గది మాత్రం 21 దగ్గర నిలకడగానే ఉంది. మీ అమ్మగారి మంచం మీదికి నేరుగా గాలి కొట్టకుండా గ్రిల్ తిప్పించండి. రాత్రిపూట థర్మోస్టాట్ బాగా తగ్గించే అలవాటుంటే మానేయండి. పొద్దున ఒక్కసారిగా పెంచితే యంత్రం అందుకోలేక, తోడుగా పెట్టే కరెంటు హీటర్ (బ్యాకప్ హీటర్) మీద పడుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ఎన్నిసార్లు ధన్యవాదాలు చెప్పినా తక్కువే. మాది ఒకే స్టేజి ఫర్నేస్, చూసుకున్నాను. రెండో ఆయన పట్టిక పంపారు. ఆ మూడు టన్నుల మోడల్ మైనస్ 25కి 9.1 కిలోవాట్లు ఇస్తుంది. మీ లెక్క ప్రకారం అప్పటికి 9.8 కావాలి. ఈ లోటు చూస్తే నాలుగు టన్నులకి వెళ్లాలా అని మళ్లీ అనుమానం.

మొదటి జవాబు రాసినవారు

వద్దండి. ఆ 0.7 కోసం డక్టులో 5 కిలోవాట్ల ఎలక్ట్రిక్ హీటర్ చాలు. ఒక యూనిట్ కరెంటుకి ఒక యూనిట్ వేడే ఇస్తుంది, హీట్ పంప్‌లా రెండు మూడు రెట్లు ఇవ్వదు. కానీ అది పనిచేసేది ఏడాదిలో కొద్ది రాత్రులే. 240 వోల్టుల మీద అదొక్కటే 21 ఆంపియర్లు లాగుతుంది, కాబట్టి బ్రేకర్ ప్యానెల్‌లో చోటుందో లేదో ఎలక్ట్రీషియన్‌కి ముందే చూపించండి. అటక తలుపు చుట్టూ సందులుంటే ఈలోగా మూయించండి. మీ లోటులో కొంత అక్కడే పూడుతుంది.

ప్రశ్న అడిగినవారు

అటక తలుపు దగ్గర చెయ్యి పెడితే చల్లగా తగులుతోంది, నిజమే. శనివారం ఆ పని పెట్టుకున్నాను. యూనిట్‌ని తూర్పు గోడకి మార్చమని, స్టాండు ఎత్తు పెంచమని రెండో ఆయనకి చెప్పాను, సరే అన్నారు. గ్రిల్ ఎటు తిప్పాలో అమ్మనే అడిగి తిప్పిస్తాను.