తెలుగు రచయితల పేర్లు క్యాటలాగ్‌లో ఏ రూపంలో ఖాయం చేయాలి?

కార్డుల పెట్టె:
మా ఊరి గ్రంథాలయంలో 11 వేల చిల్లర పుస్తకాలున్నాయి, ఎక్కువ భాగం తెలుగువే. ఏడాదిగా ముగ్గురం కలిసి వాటిని కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తున్నాం. మొన్న శ్రీశ్రీ అని కొట్టి చూస్తే 4 పుస్తకాలు వచ్చాయి. బీరువా దగ్గరికెళ్లి లెక్కపెడితే 19 ఉన్నాయి. మిగతావి ఏమయ్యాయా అని వెతికితే మధ్యలో ఖాళీతో "శ్రీ శ్రీ" అని కొన్ని, "శ్రీరంగం శ్రీనివాసరావు" అని కొన్ని, కామా పెట్టి "శ్రీనివాసరావు, శ్రీరంగం" అని తిప్పి రాసినవి కొన్ని, "మహాకవి శ్రీశ్రీ" అని రెండు, ఇంగ్లిష్ అక్షరాల్లో తలా ఒక స్పెల్లింగుతో ఇంకొన్ని. ఎవరినీ తప్పుపట్టలేను, ముగ్గురం టైటిల్ పేజీ మీద ఏముంటే అదే కొట్టాం.

ఇప్పుడు ఒక్కో రచయితకు ఒక్కో రూపం ఖాయం చేద్దామంటే కమిటీలో గొడవ. వేరే దేశాల గ్రంథాలయాలు ఎలా రాస్తే అలాగే, రోమన్ లిపిలో, కామాతో తీసుకుందామని ఒక పెద్దాయన అంటారు. నేను ఒప్పుకోవడం లేదు. పాశ్చాత్యుల ఇంటిపేరు చివర ఉంటుంది కాబట్టి దాన్ని ముందుకు లాగడానికి వాళ్లకు కామా కావాల్సి వచ్చింది. మనకు ఇంటిపేరు ముందే ఉంది కదా! కందుకూరి వీరేశలింగం, గుర్రం జాషువా, గుడిపాటి వెంకటచలం. ఉన్నదాన్ని తిప్పి మళ్లీ తిప్పడం ఎందుకు? తెలుగు లిపిలో, ఇంటిపేరు ముందు, కామా లేకుండా పెడదామంటాను. మీరేమంటారు?

అమరావతి రోడ్డు:
ఇరవై రెండేళ్లుగా యూనివర్సిటీ లైబ్రరీలో క్యాటలాగింగ్ చేస్తున్నాను. తెలుగు లిపి గురించి మీతో ఏకీభవిస్తాను, ఇంటిపేరు గురించి మాత్రం కాదు.

కౌంటర్ దగ్గరికొచ్చి "గుడిపాటి వారి పుస్తకాలున్నాయా" అని అడిగినవాళ్లను నా సర్వీసులో ఒక్కరిని కూడా చూడలేదు. చలం అంటారు, జాషువా అంటారు, ఆరుద్ర అంటారు. ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివ శంకరశాస్త్రి అని తెలిసి వెతికేవాళ్లు ఎంతమంది? సినారె సంగతి చూడండి. పుస్తకం మీద "సి. నారాయణరెడ్డి" అని ఉంటుంది, మీ పద్ధతిలో ఆయన సింగిరెడ్డి కింద సర్దుకోవాలి, పాఠకుడు 'నా' దగ్గర వెతుకుతాడు. అమెరికా గ్రంథాలయ పండితుడు చార్లెస్ కటర్ 1876లోనే చెప్పిన పని రెండు ముక్కల్లో ఇది: రచయిత పేరు తెలిసినవాడికి పుస్తకం దొరకాలి, ఆ రచయితవి మన దగ్గర ఏమేమున్నాయో అన్నీ ఒక్కచోట కనబడాలి. మీకు నాలుగే వచ్చాయంటే పోయింది ఆ రెండోదే.

అందుకే ఇప్పటి నియమాల్లో కూడా రచయిత ఎక్కువగా ఏ పేరుతో తెలుసో దానికే మొదటి ప్రాధాన్యం. ఆ పేరు హెడింగ్, అంటే క్యాటలాగ్‌లో పై వరస పేరు, అవుతుంది, మిగతా రూపాలన్నీ "చూ." (చూడండి) కింద చేరతాయి. పాత కార్డుల్లో ఎర్ర సిరాతో "శ్రీరంగం శ్రీనివాసరావు, చూ. శ్రీశ్రీ" అని రాసేవాళ్లం కదా, అదే.

కోడ్ కొట్టేవాడు:
ఇంత చర్చ ఎందుకో నాకు నిజంగా అర్థం కావడం లేదు. కంప్యూటర్ వచ్చాక "ఒక్క రూపం" అనే ఆలోచనే పాతబడిపోయింది. సెర్చ్ సరిగ్గా రాస్తే చాలు. ఖాళీలు తీసేయండి, "వెంకటేశ్వర్‌రావు" లాంటి పేర్లలో కంటికి కనబడకుండా కూర్చునే విభజన గుర్తు తీసేయండి, ళ్ళ, ళ్ల రెండూ ఒకటే అనండి, వేంకట అన్నా వెంకట అన్నా ఒకటే అనండి, చివర "లింగము" ఉంటే "లింగం" చేయండి. ముళ్ళపూడి, ముళ్లపూడి, చెళ్ళపిళ్ళ, చెళ్లపిళ్ల అన్నీ కలిసిపోతాయి. ముందున్న శ్రీ, డా., బ్రహ్మశ్రీ, కళాప్రపూర్ణ లాంటివి కోసేయండి. ఓపెన్‌రిఫైన్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దగ్గరగా ఉన్న పేర్లను గుంపులు చేసి చూపిస్తుంది, ఒక్క సాయంత్రంలో అయిపోయే పని.

కార్డుల పెట్టె:
తమ్ముడూ, ఆ సాయంత్రం మేం గడిపాం. ఏం జరిగిందో చెప్తాను.

ముందున్న "శ్రీ" కోసేయమని స్క్రిప్టుకు చెప్పాం. శ్రీశ్రీ ఉత్త "శ్రీ" అయ్యాడు. శ్రీనాథుడు "నాథుడు" అయ్యాడు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి "పాద సుబ్రహ్మణ్యశాస్త్రి" అయ్యారు. అది మేమే చూసి సరిచేశాం. తర్వాతది మాకు కనబడలేదు. ఒకే ఇనిషియల్‌తో ఉన్న వెంకటేశ్వరరావులను సాఫ్ట్‌వేర్ ఒక గుంపుగా చూపిస్తే, మా వాళ్లలో ఒకరు "కలుపు" నొక్కేశారు. అందులో ఒకాయన డిగ్రీ ఫిజిక్స్ పాఠ్యపుస్తకం రాసినవాడు, ఒకాయన పద్యాల శతకం రాసినవాడు, మూడో ఆయన హోమియో వైద్యం మీద రాసినవాడు. ముగ్గురూ ఒక్క మనిషైపోయారు. నాలుగు నెలల తర్వాత ఆ శతకం రాసినాయన మనవడు వచ్చి తాతగారి పుస్తకాలు చూపించమంటే బయటపడింది. ఆయన స్క్రీన్ వైపు చూసి "మా తాతగారు ఫిజిక్స్ రాయలేదండీ" అన్నారు, నాకు తల కొట్టేసినట్టయింది. విడదీయడానికి ప్రతి పుస్తకం బీరువాలోంచి తీసి, ముందుమాట చదివి, ఎవరిది ఎవరిదో తేల్చాల్సి వచ్చింది, వారం పట్టింది.

విడిగా ఉన్న రెండు పేర్లు ఎప్పుడైనా కలపొచ్చు. కలిపేసిన ఇద్దరు మనుషులను విడదీయడం మహా కష్టం. కాబట్టి యంత్రం గుంపులు చూపిస్తే చూపించనీ, కలిపే నిర్ణయం మాత్రం పుస్తకం చేతిలో పట్టుకున్న మనిషిదే కావాలి.

కోడ్ కొట్టేవాడు:
శ్రీ కోసే విషయం నేను ఆలోచించలేదు, అది తప్పే. ఖాళీలు, ళ్ళ, ళ్ల వరకు మాత్రం నా మాట మీదే ఉన్నాను, అది వెతుకులాట వైపు ఉంటుంది, రికార్డును ముట్టుకోదు.

మిషిగన్ తెలుగు:
అమెరికాలో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో దక్షిణాసియా పుస్తకాలు చూస్తాను. ఆ పెద్దాయన మాటలో కూడా న్యాయం ఉంది, దాన్ని పూర్తిగా కొట్టిపారేయకండి.

అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962లో ఢిల్లీలో ఆఫీసు తెరిచింది. అమెరికా గోధుమలకు మన ప్రభుత్వం రూపాయల్లో కట్టిన సొమ్ములోంచి, పీఎల్ 480 అనే అమెరికా చట్టం కింద, మన భాషల పుస్తకాలు కొని అక్కడి యూనివర్సిటీలకు పంపేవాళ్లు. మన దగ్గర చెదలు తినేసిన కొన్ని తెలుగు పుస్తకాలు ఇక్కడ క్షేమంగా ఉన్నాయి. వాటి రికార్డులు రోమన్ లిపిలో, పైన గీతలు, కింద చుక్కలతో ఉంటాయి, ఎందుకంటే అప్పటి యంత్రాలకు తెలుగు తెలియదు. ఆమాటకొస్తే మన దేశంలోనే, 1958లో మొదలైన ఇండియన్ నేషనల్ బిబ్లియోగ్రఫీ అనే జాతీయ పుస్తకాల జాబితాలో అన్ని భాషల పుస్తకాల వివరాలూ రోమన్‌లోనే అచ్చయ్యాయి.

ఆ రోమన్ రూపం పాఠకుడికి పనికిరాదని నేనే చెప్తాను. ఆ పద్ధతిలో 'చ'కి ఒక్క సి అక్షరమే. చలం పుస్తకాల కోసం వచ్చే విద్యార్థి సి పక్కన హెచ్ కొడతాడు, అసలు రూపానికి తగలడు. ఎన్నిసార్లు పక్కన కూర్చుని చూపించానో. కానీ ఆ రికార్డు వెనకాల ఒక నంబరు ఉంటుంది. ఎన్నో దేశాల జాతీయ గ్రంథాలయాల పేర్ల జాబితాలను కలిపే వయాఫ్ అనేది ఉంది, 2003లో మొదలైంది, అందులో ఒక మనిషికి అన్ని దేశాల రూపాలూ ఒక్క నంబరు కింద చేరతాయి. మీరు హెడింగ్ తెలుగులో పెట్టుకోండి, మీ అథారిటీ రికార్డులో, అంటే ఒక రచయిత పేరు రూపాలన్నీ రాసుకునే రికార్డులో, ఆ నంబరు ఒక్కటి రాసి పెట్టండి. మా చుక్కల రూపమూ మీ తెలుగు రూపమూ ఒకే మనిషివని అది చూస్తే తెలిసిపోతుంది. వికీపీడియా వాళ్ల సమాచార గని వికీడేటాలో ఉండే నంబరు కూడా రాయండి, మన రచయితలు చాలామంది తెలుగు లిపితోనే అక్కడ ఉన్నారు.

థీసిస్ నాలుగో ఏడు:
ఇంతవరకు అందరూ మగవాళ్ల పేర్లతోనే మాట్లాడుతున్నారు. ఇంటిపేరు ఖాయం అనగానే నాకు భయం వేస్తుంది.

రంగనాయకమ్మ తొలి పుస్తకాల మీద "ముప్పాళ్ళ రంగనాయకమ్మ" అని ఉండేది. తర్వాత ఆవిడే ఇంటిపేరు తీసేసి ఉత్త రంగనాయకమ్మ అని రాసుకున్నారు. ఇంటిపేరు ముందు అనే నియమం పెడితే, వద్దని వదిలేసినదాన్ని క్యాటలాగ్ ఆవిడకు మళ్లీ తగిలిస్తుంది. ఓల్గా ఆ పేరునే ఎంచుకుని రాస్తున్నారు, పోపూరి లలితకుమారి కింద పెడితే ఎలా? "చూ." కింద పాత పేరు ఉండాలి, పాత ముద్రణ చేతిలో ఉన్నవాళ్లకు దారి దొరకాలి కదా. కానీ పై వరసలో ఉండాల్సింది రచయిత ఎంచుకున్న పేరే.

ఇంకో చిక్కు. బీనాదేవి అన్నది భార్యాభర్తలు కలిసి వాడిన కలం పేరు, భర్త పోయాక కూడా ఆవిడ ఆ పేరుతోనే రాశారు. తిరుపతి వేంకట కవుల్లో తిరుపతిశాస్త్రి 1920లో పోయారు, ఆ తర్వాత కూడా వేంకటశాస్త్రి జంట పేరుతోనే ప్రచురించారు. అప్పుడు "రచయిత" ఎవరు? నా థీసిస్‌లో ఇది పెద్ద తలనొప్పి అయింది, ఏ క్యాటలాగ్ చూసినా ఏదో ఒకవైపు తేల్చేసి కూర్చుంది.

అమరావతి రోడ్డు:
అమ్మా, మంచి ప్రశ్న. జంట పేరుకు వేరే రికార్డు, ఇద్దరు మనుషులకు విడివిడిగా రెండు రికార్డులు, మూడింటికీ మధ్య "ఇది కూడా చూ." అని లంకె. పుస్తకం మీద జంట పేరుంటే జంట రికార్డుకే కట్టండి, అందులో ఎవరు ఎంత రాశారో తేల్చే పని పరిశోధకులకు వదిలేయండి. అది మన పని కాదు.

ఇంటిపేరు మాత్రమే రాసే అలవాటు కూడా మానాలి. ఉత్త "శ్రీపాద" అని రాస్తే సుబ్రహ్మణ్యశాస్త్రి, కృష్ణమూర్తిశాస్త్రి కలిసిపోతారు. తెలిసినచోట పుట్టిన, పోయిన సంవత్సరాలు పక్కన రాస్తే, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి, 1891-1961 అని, సగం గొడవలు అక్కడే ఆగుతాయి.

హన్మకొండ చౌరస్తా:
పేర్లు ఎలాగో తేలుతాయి, పుస్తకం ఏ విషయం మీదో చెప్పే సబ్జెక్టు హెడింగుల సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? అసలు పోట్లాట అక్కడుంది.

మా దగ్గర పాత కార్డుల్లో "హరిజనులు" అనే హెడింగ్ ఉంది. పుస్తకం పేరులో ఆ మాట ఉంటే మార్చకూడదు, అది చరిత్ర. కానీ హెడింగ్ గ్రంథాలయం మాట, ఈరోజు మనం పలికే మాట. మా కాలనీ పిల్లలు వచ్చి ఆ డ్రాయర్ లాగితే ఏం చదువుతారు? మేం "దళితులు" అని మార్చి, పాతదాన్ని "చూ." కింద పెట్టాం. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాబితాలో కూడా ఇంతకుముందు "అంటరానివారు" అనే అర్థమిచ్చే ఇంగ్లిష్ మాట ఉండేది, దాని స్థానంలో "దళితులు" వచ్చింది.

అది సులువైనది. నిజాం లొంగిపోయిన 1948 సెప్టెంబర్ 17 గురించిన పుస్తకాలు ఎక్కడ పెట్టాలి? విమోచన అంటే ఒకరికి కోపం, విలీనం అంటే ఇంకొకరికి, విద్రోహం అని రాసిన పుస్తకాలూ ఉన్నాయి. పోలీసు చర్య అంటే అది సైన్యం చేసిన పని. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం 1946 నుంచి 1951 దాకా నడిచింది, దాన్ని ఆ ఒక్క తేదీ కింద కుక్కలేం. మీరైతే ఏ మాట పెడతారు?

మిషిగన్ తెలుగు:
ఇది మీ ఒక్కరి బాధ కాదన్నా. పత్రాలు లేని వలసదారుల గురించిన పుస్తకాలకు ఇక్కడ "చట్టవిరుద్ధ విదేశీయులు" అనే అర్థం వచ్చే హెడింగ్ ఉండేది. డార్ట్‌మత్ కాలేజీ విద్యార్థులు 2014లో కదిలించారు, 2016లో మారుస్తామన్నారు, అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ సభ్యులు అడ్డుపడ్డారు, చివరికి 2021లో మారింది. ఒక్క హెడింగ్‌కి ఏడేళ్లు. 1857ని ఈ జాబితా "సిపాయి తిరుగుబాటు" అనే పిలుస్తుంది, అది మన మాట కాదు. నేనైతే "హైదరాబాద్ సంస్థానం, చరిత్ర, 1948" అని పెట్టి మిగతా మాటలన్నీ "చూ." కింద ఇస్తాను.

హన్మకొండ చౌరస్తా:
అలా రాసి ఎవరు వెతుకుతారండీ? మా దగ్గరికి వచ్చే మనిషి "సాయుధ పోరాటం పుస్తకాలు" అంటాడు. ఏ పక్షమూ లేని మాట అని మీరు పెట్టింది ఎవరి నోటా లేని మాట. పైగా సంస్థానం అనగానే కథ నిజాం వైపు నుంచి మొదలవుతుంది, రైతు వైపు నుంచి కాదు.

కోడ్ కొట్టేవాడు:
ఒక పుస్తకానికి రెండు హెడింగులు ఇవ్వకూడదా?

అమరావతి రోడ్డు:
ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. పోరాటం గురించిన పుస్తకానికి పోరాటం, సైనిక చర్య గురించినదానికి అది, రెండూ ఉంటే రెండూ. అవి రెండు వేర్వేరు సంగతులు. కానీ విమోచన, విలీనం అన్నవి ఒకే సంగతికి రెండు పేర్లు. రెండింటినీ హెడింగులు చేస్తే పుస్తకాలు మళ్లీ రెండుగా చీలతాయి, శ్రీశ్రీకి జరిగినట్టే.

కార్డుల పెట్టె:
పేర్ల విషయంలో నేను మనసు మార్చుకున్నాను. ఇంటిపేరు నియమం వదిలేస్తున్నాను. తెలుగు లిపి మాత్రం వదలను. రచయిత ఏ పేరుతో తెలుసో, ఏ పేరు ఎంచుకున్నారో అదే హెడింగ్, పక్కన సంవత్సరాలు, కింద అన్ని రూపాలూ, వయాఫ్ నంబరు. కలపాల్సి వస్తే ఇద్దరు మనుషులు పుస్తకాలు చూసి సంతకం పెట్టాలి. ఈ ఆదివారం వీరేశలింగంతో మొదలుపెడుతున్నాం, ఆయనకే ఇప్పటికి తొమ్మిది రూపాలు దొరికాయి, "వీరేశలింగము పంతులు"తో కలిపి.

1948 మీద మాత్రం నేను ఒక్కడినే తేల్చే మనిషిని కాదు.

హన్మకొండ చౌరస్తా:
మా దగ్గర ఆ విషయం మీద ఒక బీరువా అర నిండా పుస్తకాలున్నాయి. టైటిల్ పేజీల మీదా ముందుమాటల్లోనూ రాసినవాళ్లు ఏ మాట వాడారో ఒక్కొక్కటీ కాగితం మీద ఎక్కించి, వచ్చే వారం ఇక్కడ పెడతాను. అది చూసి మాట్లాడుకుందాం.