పెద్ద కంపెనీ కింద సబ్ కాంట్రాక్ట్: బిల్లులు కదలడం లేదు, పని ఆపాలా?

పల్నాడు సెంటరింగ్:
నాది షట్టరింగ్ గ్యాంగ్, కాంక్రీట్ పోయడానికి అచ్చులు కడతాం. హైవే పనిలో ఒక పెద్ద కంపెనీ కింద కల్వర్టులు, చిన్న బ్రిడ్జీలు చేస్తున్నా. పేరు వద్దులెండి. ఇదే కంపెనీలో ఒకప్పుడు పీఎం (ప్రాజెక్ట్ మేనేజర్) సంతకం పెడితే వారంలో డబ్బు పడేది. ఇప్పుడు ఐదారు రాష్ట్రాల్లో రోడ్లు, పైప్‌లైన్లు, మెట్రో అన్నీ పట్టారు. నా ఆర్‌ఏ బిల్లు (పని జరిగేకొద్దీ పెట్టే బిల్లు) సైట్ బిల్లింగ్, ప్లానింగ్, పీఎం, రీజినల్ ఆఫీసు, హైదరాబాద్ హెడ్డాఫీసు అన్నీ తిరగాలి. తీరా అక్కడ ‘డ్రాయింగ్ రివిజన్ మారింది’ అని వెనక్కి కొడతారు. ఆ రివిజన్ మా చేతికొచ్చేసరికి స్లాబ్ పోసేసి ఉంటాం.

మొన్న కాంక్రీట్‌ని కుదించే వైబ్రేటర్ నీడిల్ పోయింది. బజారుకెళ్తే అరగంట పని. పీఎంకి కొనే పవర్ లేదట, పైకి ఇండెంట్ (కొనుగోలు కోసం రాతపూర్వక అభ్యర్థన) పెట్టాలట! కాంక్రీట్ బండి వచ్చి నిలబడింది. నేనే పక్క సైట్లో అద్దెకు తెచ్చి పోయించా. ఆ అద్దె నా నెత్తినే.

మూడు బిల్లులు పెండింగ్. ఇన్వాయిస్ ఇచ్చాక డబ్బు రాకపోయినా 18 శాతం జీఎస్టీ 20వ తారీఖుకి కట్టాల్సిందే. లేబర్‌కి వారం వారం ఖర్చులకివ్వాలి. పీఎం మంచాయనే, ‘కొత్త ప్రాజెక్ట్ అడ్వాన్స్ పడగానే నీది క్లియర్ చేస్తారు’ అంటున్నాడు. ఉండాలా, ఆపాలా?

హెడ్డాఫీస్ మాజీ:
అన్నా, భయపడాల్సింది పీఎం చెప్పిన ఆ అడ్వాన్స్ మాటకే. పని మొదలుపెట్టడానికి ముందుగా ఇచ్చే మొబిలైజేషన్ అడ్వాన్స్ కొత్త సైట్లో క్యాంపుకి, మిషన్లకి. దాంతో మీ పాత బిల్లు కడితే అక్కడ పని ఎలా మొదలవుతుంది? ఆ బొక్క పూడ్చడానికి ఇంకో టెండర్, ఇంకా తక్కువ రేటుకి. నేను చేసిన చోట టెండర్ టీమ్‌కి బోనస్ పని గెలిచినందుకే, లాభమొచ్చినందుకు కాదు. క్వారీ లీడ్ (క్వారీ నుంచి సైట్‌కి దూరం) ఎంతో సైట్ వాళ్లని అడిగిన పాపాన పోలేదు.

ఇంకోటి. నెలాఖరు రిపోర్టులో నష్టం చూపించిన పీఎంకి పైనుంచి ఫోనొచ్చేది. మరుసటి నెల అదే అంకె ‘రావాల్సిన క్లెయిమ్స్’లో, అంటే పని ఇచ్చినవాళ్ల నుంచి అదనంగా వస్తుందనుకునే డబ్బులో, తేలేది. అంతే, సైట్ లాభాల్లోకి వచ్చేసినట్టే.

బర్మింగ్‌హామ్ క్యూఎస్:
నేను ఇక్కడ బ్రిటన్‌లో క్వాంటిటీ సర్వేయర్‌ని (పనుల కొలతలు, ఖర్చులు లెక్కగట్టే ఉద్యోగం). ఇక్కడి పెద్ద కన్‌స్ట్రక్షన్ కంపెనీ కారిలియన్ కథ ఇదే. హాస్పిటళ్లు కట్టడం దగ్గర్నుంచి స్కూలు భోజనాల దాకా అన్నీ పట్టింది, మౌలెం లాంటి పోటీ కంపెనీలనూ కొనేసింది. మొత్తం 43 వేల మంది ఉద్యోగులు. సబ్ కాంట్రాక్టర్లకి డబ్బివ్వడానికి 120 రోజుల గడువు పెట్టింది. 2017 జూన్‌లో దాదాపు 5.5 కోట్ల పౌండ్ల డివిడెండ్ పంచి, జూలైలో కాంట్రాక్టుల మీద 84.5 కోట్లు పోయినట్టే అని ప్రకటించింది. 2018 జనవరిలో మూతపడే నాటికి అప్పులూ బకాయిలూ కలిపి దాదాపు 700 కోట్ల పౌండ్లు, చేతిలో 2.9 కోట్లు. సగంలో ఆగిన లివర్‌పూల్ హాస్పిటల్ 2022లో గానీ తెరుచుకోలేదు. పెద్ద కంపెనీ కదా, గవర్నమెంట్ ఊరుకోదులే అని చివరిదాకా పనిచేసినవాళ్లే ఎక్కువ మునిగారు.

రిటైర్డ్ ఏఈ, గుంటూరు:
అంతా కంపెనీ తప్పే అంటే ఒప్పుకోను. డిపార్ట్‌మెంట్లో బిల్లులు నెలల తరబడి ఆగడం నేను చూశాను, అప్పుడు వాళ్లు మాత్రం ఎక్కడ తెస్తారు? అయినా మీరు వాళ్లకి బ్యాంకు కాదు కదా. మన హైదరాబాద్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఐవీఆర్‌సీఎల్ ఎంత పెద్దది, 2019లో లిక్విడేషన్‌కి (ఆస్తులమ్మి మూసేయడానికి) పోయింది. అలాంటప్పుడు ముందు వరసలో బ్యాంకులుంటాయి, మీలాంటివాళ్లు చాలా వెనక. పైగా దివాలా కేసు వెయ్యాలంటే బకాయి కనీసం కోటి ఉండాలి.

కొత్తగా కాంక్రీట్ పోయడం మొదలుపెట్టకండి. చేసిన పనికి సైట్ ఇంజినీర్‌తో జాయింట్ కొలతలు రాయించి సంతకం తీసుకోండి, ఆయన బదిలీ అయ్యేలోపే. ఉద్యమ్ (చిన్న సంస్థల) రిజిస్ట్రేషన్ ఉంటే 45 రోజుల్లో డబ్బివ్వాలన్న రూలు అడగొచ్చు, వర్క్స్ కాంట్రాక్టుకి (కట్టడం పనుల కాంట్రాక్టుకి) వర్తించదని వాళ్లు వాదిస్తారు, అయినా రాతపూర్వకంగా అడగండి. అన్నిటికన్నా ముందు మీ సెంటరింగ్ ప్లేట్లు, జాకీలు సైట్ గేటు దాటించండి.

పల్నాడు సెంటరింగ్:
కొలతల మీద సంతకాలు అయిపోయాయండీ. ప్లేట్లకి గేట్ పాస్ అడిగితే, హెడ్డాఫీసు అప్రూవల్ కావాలంటున్నారు.