చిత్తూరు నుంచి అరుణాచలానికి బస్సు మాట్లాడుతున్నాం, ముగ్గురు మూడు రేట్లు చెప్పారు. తేడా ఎక్కడ?

గ్రీమ్స్‌పేట అక్క:

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. మా వీధి ఆడవాళ్లం చాలా ఏళ్లుగా చీటీ వేసుకుంటున్నాం. ఈసారి చీటీ అయిపోయాక అందరం కలిసి అరుణాచలం వెళ్లి గిరి ప్రదక్షిణ చేసి రావాలని అనుకున్నాం. పిల్లలతో కలిపి 44 మందిమి తేలాం. అందులో 65 దాటినవాళ్లే 12 మంది.

మా ప్లాన్ ఇది. కార్తీక పౌర్ణమి రోజు మధ్యాహ్నం 3 గంటలకు బయలుదేరి, దారిలో శ్రీపురం బంగారు గుడి చూసి, రాత్రికి అరుణాచలం చేరతాం. ప్రదక్షిణ పూర్తి చేసుకుని తెల్లవారుజామున 2 గంటలకు బస్సెక్కితే పొద్దునకు కంచి. కామాక్షి అమ్మవారిని, వరదరాజస్వామిని చూసుకుని మధ్యాహ్నానికో సాయంత్రానికో ఇంటికి.

ముగ్గుర్ని అడిగాను. చిత్తూరులో ఒకాయన 49 సీట్ల నాన్ ఏసీ పుష్‌బ్యాక్ బస్సుకు 34,000 అన్నాడు, టోల్ మాది. తిరుపతి నుంచి ఒకరు 45 సీట్ల ఏసీ బస్సు, అన్నీ కలిపి 52,000 అన్నారు. మూడో ఆయన ఫోన్‌లోనే 24,500 అని, "మిగతావి ఎక్స్‌ట్రా మేడం" అని పెట్టేశాడు. ఆ మిగతావి ఏమిటో చెప్పలేదు. డబ్బు నా చేతి మీద వసూలవుతోంది, రేపు ఎవరైనా లెక్క అడిగితే చెప్పలేని పరిస్థితి రాకూడదు. రాత్రి నిద్ర కూడా పట్టడం లేదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

రేణిగుంట స్టీరింగ్:

అక్కా, నేను 26 ఏళ్లు టూరిస్టు బస్సు నడిపాను. మోకాళ్లు సహకరించక నాలుగేళ్ల కిందట మానేశాను. మీరు వెళ్లే దారిలో ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు.

ముందు కిలోమీటర్లు చూద్దాం. చిత్తూరు నుంచి వేలూరు మీదుగా అరుణాచలం 120 కి.మీ.కు అటూ ఇటూ. అక్కడి నుంచి కంచికి ఇంకో 120. కంచి నుంచి రాణిపేట మీదుగా చిత్తూరు 90 దాకా. శ్రీపురం మలుపూ ఊళ్లలో తిరుగుడూ కలిపితే మొత్తం 350 అనుకోండి. తిరిగేది 350 కాబట్టి దానికే డబ్బు కడతామని మీకు అనిపిస్తుంది. బస్సు ఓనరు అలా లెక్క కట్టడు. బయటి ఊరి ట్రిప్పుకు రోజుకు కనీసం 300 కి.మీ. అని పెట్టుకుంటాడు, కొందరు 250 అంటారు. మీరు గుడిలో ఉన్నంతసేపూ బండి వేరే బాడుగకు పోలేదు కదా, అందుకు. రెండు రోజులంటే 600 కి.మీ. 34,000 చెప్పినాయన లెక్క నాకు కనబడుతూనే ఉంది. కిలోమీటరుకు 52 చొప్పున 31,200. డ్రైవరుకూ క్లీనరుకూ కలిపి బత్తా, అంటే వాళ్ల రోజు ఖర్చుల డబ్బు, రోజుకు 1,400 వేసుకుంటే రెండు రోజులకు 2,800. కూడి చూసుకోండి.

ఇక్కడ ఒక మాట తప్పకుండా అడగాలి. రోజు అంటే వాళ్ల లెక్కలో ఏది? బండి కదిలినప్పటి నుంచి 24 గంటలా, లేక అర్ధరాత్రి 12 దాటితే రెండో రోజా? మీరు 3 గంటలకు బయలుదేరి మర్నాడు 3 లోపల దిగిపోయినా, అర్ధరాత్రి లెక్క పెట్టేవాళ్లు రెండు రోజుల డబ్బు తీసుకుంటారు. సగం గొడవలు ఈ ఒక్క మాట ముందుగా అనుకోకపోవడం వల్లే వస్తాయి. బండి షెడ్డులో తీసిన దగ్గర మీటరు మొదలవుతుందా, మీ వీధి దగ్గరా, అదీ అడగండి.

తిరుపతి బస్సు ధర ఎందుకెక్కువ అంటారా? ఏసీ ఒక కారణం, షెడ్డు ఇంకో కారణం. తిరుపతి నుంచి మీ వీధికి ఖాళీగా రావాలి, మిమ్మల్ని దించి ఖాళీగా పోవాలి. అక్కడికే 140 కి.మీ. పెద్ద బస్సు లీటరుకు నాలుగు, మహా అయితే ఐదు కిలోమీటర్లు ఇస్తుంది. ఏసీ ఆన్‌లో ఉంటే నాలుగు రావడం కూడా కష్టమే. మీ 350కి ఆ 140 కలిపితే 120 లీటర్ల పైనే డీజిల్. కార్తీకంలో రాత్రి ప్రయాణానికి ఏసీ అవసరమా అన్నది మీ ఇష్టం. నేనైతే వద్దంటాను. ఊరి బండే ఊరివాళ్లకు చవక.

ఇక 24,500 సంగతి. నాకు భయం కలిగించింది ఇదే. ఎక్స్‌ట్రా అంటే సాధారణంగా టోల్, పార్కింగ్, బత్తా, తమిళనాడు పర్మిట్, మాట్లాడుకున్నదానికి మించి తిరిగిన కిలోమీటర్లు. బస్సుకు టోల్ కారుకన్నా మూడు రెట్లు పైనే. ఇవన్నీ కలిస్తే ఆయన కూడా 34,000 దగ్గరకే వస్తాడు. అసలు ప్రశ్న పర్మిట్. ఆల్ ఇండియా టూరిస్టు పర్మిట్ ఉన్న బండికి ఓనరు ఫీజు ముందే కట్టేసి ఉంటాడు. అది లేని బండి రాష్ట్రం దాటాలంటే ఆ ట్రిప్పుకు తాత్కాలిక పర్మిట్ తీసుకోవాలి, సీట్ల లెక్కన ట్యాక్స్ కట్టాలి. అది కట్టకుండా రాత్రిపూట దాటించేద్దాం అనుకునేవాళ్లు ఉన్నారు. పట్టుబడితే బండి అక్కడే ఆగిపోతుంది, 12 మంది పెద్దవాళ్లతో మీరు కాట్పాడి రోడ్డు మీద నిలబడాలి. పర్మిట్, ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్సు మూడూ ఫోన్‌లో ఫొటో పంపమనండి. పంపనంటే ఆ బండి వద్దు. అందరి పేర్లతో ఒక లిస్టు కూడా రాసి ఉంచుకోండి, టూరిస్టు బండిలో ప్రయాణికుల లిస్టు ఉండాలి.

మీ టైముల గురించి ఒక విషయం విడిగా రాస్తాను. ఇప్పుడు మనవడిని స్కూలు నుంచి తీసుకురావాలి.

కొర్లగుంట బాబాయ్:

అన్న చెప్పింది అక్షరాలా నిజం. మా అమ్మాయి పెళ్లికి తిరుపతి నుంచి మదనపల్లె వైపు ఒక బస్సు మాట్లాడాం. ఫొటోలో చూపించిన బస్సు ఒకటి, పొద్దున వచ్చింది ఇంకొకటి. అదేమంటే "అది వేరే ట్రిప్పుకు పోయింది సార్, ఇదీ అంతే" అన్నారు. ఏసీకి డబ్బు కట్టాం. ఎక్కుడు రాగానే ఇంజను లాగడం లేదని ఏసీ ఆపేశాడు. లోపల చంటిపిల్లలు. కిటికీ అద్దాలు తెరుచుకునే రకం కాదు. ఆ గంట నేను మరిచిపోలేను.

ముహూర్తం ఆలస్యమై భోజనాలు సాయంత్రానికి పోయాయి. దిగేటప్పుడు నాలుగు గంటల వెయిటింగ్ అని ఇంకో 6,000 అడిగారు. వియ్యంకుల ముందు వాదించలేక ఇచ్చేశాను. అమ్మా, బండి నంబరుతో సహా కాగితం మీద రాయించుకోండి. వాట్సాప్‌లో ఒక మెసేజ్ అయినా సరే. గంట దాటితే ఎంత, కిలోమీటరు దాటితే ఎంత, ఆ రెండు అంకెలు అందులో ఉండాలి. అడ్వాన్స్ మూడో వంతు మించి ఇవ్వద్దు.

డిపో వెనక ఇల్లు:

ఆర్టీసీ వాళ్లు కూడా బస్సు బాడుగకు ఇస్తారు, డిపోలో అడిగి చూడండి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, అల్ట్రా డీలక్స్, సూపర్ లగ్జరీ అని రకాన్ని బట్టి రేటు. ముందే డబ్బు కట్టించుకుని, తిరిగొచ్చాక లెక్క చూసి మిగిలింది ఇస్తారు. బండి, డ్రైవరు విషయంలో ధైర్యంగా ఉండవచ్చు. కాకపోతే పౌర్ణమికి డిపోల నుంచే అరుణాచలం స్పెషల్స్ వేస్తారు కాబట్టి ఆ రోజు బాడుగకు బస్సు దొరకడం కష్టం. ఇంకో మాట, ఆడవాళ్ల ఉచిత ప్రయాణం రోజువారీ సర్వీసులకే. బాడుగ బస్సుకు వర్తించదు. మా వదినలు అలా అనుకునే డిపో దాకా పోయి వచ్చారు.

గ్రీమ్స్‌పేట అక్క:

అందరికీ ఎంతో థ్యాంక్స్. మూడో ఆయనకు ఫోన్ చేసి పర్మిట్ ఫొటో పంపమన్నాను. "బస్సు మీద నమ్మకం లేకపోతే వద్దులే మేడం" అన్నాడు. వద్దనే అనుకున్నాం.

34,000 ఆయన్ని రోజు లెక్క అడిగాను. అర్ధరాత్రి లెక్కే అన్నాడు. కాస్త తగ్గించమంటే, పౌర్ణమి కాబట్టి అదే రేటు, వేరే రోజైతే మాట్లాడదాం అన్నాడు. రేణిగుంట అన్నా, మీరు టైముల గురించి చెబుతానన్నారు.

రేణిగుంట స్టీరింగ్:

చెబుతాను అక్కా, కొంచెం ఓపికగా చదవండి.

మీ ప్లాన్‌లో రాత్రి 2 గంటలకు బస్సెక్కుతామన్నారు. మీరు ఎక్కి కూర్చుని నిద్రపోతారు. డ్రైవరో? వాడు పొద్దున ఆరింటికే లేచి బండి కడిగి, డీజిల్ పట్టించి, 3 గంటలకు మీ వీధికి వచ్చి ఉంటాడు. అరుణాచలంలో పౌర్ణమి రాత్రి నిద్ర పడుతుందా? చుట్టూ మైకులు, జనం, వెనక బండివాడు జరుపు జరుపు అని అరుపులు. అలాంటి మనిషి చేతికి రెండింటికి స్టీరింగ్ ఇస్తే తెల్లవారుజామున నాలుగింటికి కళ్లు తెరిచే నిద్రపోతాడు. నాకు అలా జరిగింది. ఆరణి దాటాక ఒకసారి, రోడ్డు పక్క చింతచెట్టు లైటు వెలుగులో మీదికొచ్చినప్పుడు మెలకువ వచ్చింది. వెనక 40 మంది. ఎవరికీ తెలియదు. ఆ రోజు నుంచి డబ్బు తక్కువైనా సరే, నిద్ర లేని ట్రిప్పు ఒప్పుకోలేదు.

2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో ఏం జరిగిందో మనందరికీ తెలుసు. ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి తిరుపతి వస్తున్న బస్సు రాత్రిపూట లోయలో పడింది. ఆ వార్త విన్న రాత్రి నేను అన్నం తినలేదు.

డ్రైవరుకు రోజుకు 8 గంటల పని అని 1961లోనే మోటారు ట్రాన్స్‌పోర్టు కార్మికుల చట్టం పెట్టింది. బాడుగ బస్సుల్లో దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. అందుకే మాట్లాడుకునే మీరే పట్టించుకోవాలి. రెండో డ్రైవరుకు 1,500 అడిగితే దాన్ని బేరమాడకండి. లేదా ప్లానే మార్చుకోండి. నేనైతే రెండోదే చేస్తాను.

కంచి ఈసారికి వదిలేయండి. పౌర్ణమి కూడా వదిలేయండి. గిరి ప్రదక్షిణకు 14 కి.మీ. ఏ రోజైనా 14 కి.మీ.లే, స్వామి ఏ రోజైనా అక్కడే ఉంటాడు. పౌర్ణమికి, కార్తీక దీపానికి బస్సుల్ని ఊరి బయట తాత్కాలిక బస్టాండ్లలోనే ఆపేస్తారు. అక్కడి నుంచి మీ 12 మంది పెద్దవాళ్లను గుడి దాకా ఎలా తీసుకెళ్తారు? ఆటోవాళ్లు ఆ రోజు అడిగేది కూడా మామూలు రేటు కాదు.

కార్తీకంలో బస్సుకు గిరాకీ ఎందుకంటే పెళ్లి ముహూర్తాలూ అప్పుడే, అయ్యప్ప మాలలూ అప్పుడే మొదలు. సంక్రాంతి దాకా మంచి బళ్లు శబరిమల మీదే ఉంటాయి. శని, ఆదివారాలు, పౌర్ణమి, ముహూర్తం రోజులు తీసేసి వారం మధ్యలో అడగండి. ఆ రోజు ఖాళీగా షెడ్డులో ఉండే బండి కాబట్టి ఓనరే దిగుతాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు బయలుదేరండి. శ్రీపురం చూసుకుని ఎనిమిదింటికి అరుణాచలం. తొమ్మిదింటికి మీరు నడక మొదలుపెడతారు, డ్రైవరు పడుకుంటాడు. వాడికి లాడ్జిలో ఒక మంచం ఇప్పించండి, బస్సులో దోమలకు నిద్ర పట్టదు. పొద్దున దర్శనం, టిఫిన్, తొమ్మిదిన్నరకు బయలుదేరితే మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంట్లో ఉంటారు. 24 గంటలు, 260 కి.మీ. లోపలే. 24 గంటల లెక్కకు ఒప్పుకుంటే ఒక్క రోజు 300 కి.మీ. బాడుగే.

గ్రీమ్స్‌పేట అక్క:

అన్నా, మీ మెసేజ్ నిన్న రాత్రి చీటీ పాట దగ్గర అందరికీ చదివి వినిపించాను. చింతచెట్టు దగ్గర మా పక్కింటి పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. వాళ్లబ్బాయి లారీ డ్రైవరు. కంచి కావాల్సిందే అని పట్టుబట్టినవాళ్లు ఇద్దరున్నారు, వాళ్లూ సరేనన్నారు.

ఈ రోజు పొద్దున ఆ చిత్తూరు ఆయన దగ్గరికే నేరుగా వెళ్లాను. బుధవారం ఒంటిగంట నుంచి గురువారం ఒంటిగంట వరకు, 24 గంటల లెక్క, 300 కి.మీ., బత్తా కలిపి 20,500. టోల్, పార్కింగ్ మావి. గంట దాటితే 500, కిలోమీటరు దాటితే 52. బండి నంబరు రాసిచ్చాడు, పర్మిట్ కాగితం చూపించాడు, ఆల్ ఇండియా పర్మిటే. డ్రైవరుకు మంచం మేమే ఇప్పిస్తామంటే ఆయనే ఆశ్చర్యపోయాడు. 6,000 అడ్వాన్స్ ఇచ్చాను. తలకు 550 వసూలు చేస్తున్నాం. 24,200 వస్తుంది, టోల్, పార్కింగ్, డ్రైవరు గది అందులోనే సరిపోవాలి. సరిపోతుందా అన్నా?

ఇంకో సందేహం. మా అత్తగారికి 81. ఆటో ఎక్కడమే కష్టం. బస్సు మెట్టు ఎత్తు చూసి వచ్చాను, ఆమె ఎక్కలేదేమో అని భయంగా ఉంది.

రేణిగుంట స్టీరింగ్:

సరిపోతుంది అక్కా, కొంచెం మిగులుతుంది కూడా.

అత్తగారికి ఇంట్లో వంటింటి పీట ఉంటే, జానెడు ఎత్తుది, గట్టిది, అది బస్సులో వేసుకోండి. కింద పీట వేస్తే మెట్టు సగానికి దిగుతుంది. క్లీనరు కిందినుంచి పట్టుకోవాలి, మీలో ఒకరు లోపలి నుంచి చెయ్యి ఇవ్వాలి. రెండో వరసలో కిటికీ వైపు కాకుండా నడవ వైపు సీటు ఇవ్వండి, లేచేటప్పుడు ముందు సీటు కమ్మీ పట్టుకోవచ్చు. చివరి వరసల్లో మాత్రం పెద్దవాళ్లను కూర్చోబెట్టకండి, గుంత వస్తే అక్కడే ఎక్కువ ఎగురుతుంది. పీట డ్రైవరు సీటు వెనకాల పెట్టమనండి, దిగిన ప్రతిచోటా అందుతుంది.